గడియకు చీల

'తాళము వేసితిని, గొళ్ళెము మరచితిని' అను సామెత వినని ఇల్లు తెలుగునాట ఉండదు. విని నవ్వుకొనువారే గాని దానిలోని చిక్కును విప్పి చూచువారు తక్కువ. తాళము ఎంత బరువైనదైనను దానిని పట్టి యుంచు గొళ్ళెము లేనిచో అది వట్టి ఇనుపముద్ద. గొళ్ళెము ఎంత గట్టిదైనను, దానిని దిగగొట్టిన ద్వారబంధము పుచ్చినచో అదియు వ్యర్థమే. తలుపు పటిష్ఠత పది వస్తువులు ఒకదాని నొకటి పట్టుకొని యుండుటలో నున్నది. ఆ పదింటిలో మిక్కిలి చిన్నది, మన కంట పడనిది యొకటి కలదు. లోపల వేసికొన్న గడియను వెలుపలివాడు జరుపకుండ అడ్డుపడు చీల అది. మూడంగుళముల కొయ్యముక్కకు చరిత్ర యేమిటని శ్రోతలు అడుగవచ్చును. కడప సీమలోని పాత తలుపులను చూచిన పిమ్మట మాకు అది పెద్ద కథగనే తోచినది.

బ్రహ్మంగారిమఠమునుండియే ఆరంభింతము. ఆ యూరి పాతపేరు కందిమల్లాయపల్లె. పోతులూరి వీరబ్రహ్మేంద్రస్వామి బనగానపల్లెలో గరిమిరెడ్డి అచ్చమ్మగారి పసులను కాచి, రవ్వలకొండ గుహలో కాలజ్ఞానము వ్రాసి, పిదప ఈ పల్లెకు వచ్చి వడ్రంగము చేసికొని బ్రదికెనని సంప్రదాయము. ఊరు మఠము పేరనే ప్రసిద్ధమై, 1985లో మండలము లేర్పడినప్పుడు మండలమునకును ఆ పేరే నిలిచినది. స్వామి చెప్పిన భవిష్యత్తును గూర్చి ఆలోచించువారు వేలకొలది కలరు. ఆయన ఉలి పట్టిన చేతిని గూర్చి తలచువారు అరుదు. నాగలి, కాడి, గుంటక, బండిచక్రము చేయు చేతనే ఊరివారికి తలుపును, గడియను చేసి యిచ్చుట వడ్రంగి వృత్తిధర్మము. కొయ్యపని వడ్రంగిది, చీలలు, కొక్కెములు, గొళ్ళెపు గొలుసు కమ్మరివి. ఇత్తడి బొడిపెలు కావలెనన్నచో కంచరివాని కడకు పోవలెను. రాతి గడపకు శిల్పి ఉండనే యున్నాడు. విశ్వబ్రాహ్మణుల పంచవృత్తులలో బంగారుపని యొక్కటి దక్క మిగిలిన నాలుగును ఒక్క వాకిటియొద్ద కలిసికొనును. ఆ బంగారము లోపల నుండుటచేతనే గదా ఈ వాకిటితో ఇంత పని!

కడప జిల్లా పల్లెలలోని పాత మిద్దె ఇంటిని ఒకసారి మనసునకు తెచ్చుకొందము. రాయియు మట్టియు కలిపి కట్టిన మందపు గోడలు. దూలములపై దంతెలు పరచి, కట్టెలు పేర్చి, పైన చౌడుమట్టి కొట్టిన కప్పు. కిటికీలు లేవు, ఉన్నను పిడికిలి దూరునంతవి. వెలుతురునకును పొగకును మిద్దెపై గవాచి. వాకిలి పొట్టిది, వంగి లోనికి పోవలెను. వంగిన తల లోపలివానికి ముందుగా అందును. ఈ లెక్క తెలిసియే కట్టిరో, పొడవు దూలములు దొరకక కట్టిరో చెప్పుట కష్టము, రెండును కావచ్చును. తలుపునకు నేటివలె మడతబందులు లేవు. రెక్క మూలలను పైనను క్రిందను మొనలుగా చెక్కి, క్రింది మొనను గడపలోని గుంతయందును, పై మొనను ద్వారబంధపు గుంతయందును నిలుపుదురు. ఇట్టి తలుపును ఎరిగిన దొంగ గడియ జోలికే పోడు. పైగుంతలో సందున్నచో, రెక్కక్రింద గునపము పెట్టి పైకెత్తి మొనను తప్పించును. అందుచేత మంచి వడ్రంగి రెక్కను నిలిపిన పిమ్మట పైన ఒక చెక్కను బిగించి ఆ సందును మూయును. దొంగయు వడ్రంగియు ఒకరినొకరు చూడకయే ఒకే విద్యను చదివినవారు.

ఇక గడియ. మన భాషలో గడియ యన్న కాలమును ఉన్నది, ఇరువదినాలుగు నిమిషములు. తలుపునకు వేయు గడియయు ఉన్నది. మొదటిది సంస్కృత ఘటికనుండి వచ్చినది. రెండవది వాసమను అర్థముగల 'గడ'కు చుట్టము కాబోలు. పేరు చెప్పినట్లే మొదట అది అడ్డముగా పెట్టు మ్రానే. ఇరుప్రక్కల గోడలో రంధ్రములు చేసి, ఒక ప్రక్క రంధ్రమును మ్రాను నిడివియంత లోతుగా ఉంచుదురు. పగలు మ్రాను గోడలో దాగియుండును. రాత్రి దానిని బయటికి లాగి ఎదుటి రంధ్రమున దూర్చిన చాలును. కోటవాకిళ్ళకు వేసిన ఏర్పాటు ఇదియే. దీనిని వెలుపలినుండి తీయుట ఎవరి తరమును కాదు, తలుపును పగులగొట్టవలసినదే. అయితే మ్రానును గోడలో గాక, పైకి తెరచియున్న కొక్కెములలో ఉంచినచో, రెక్కల నడిమి సందున కత్తి దూర్చి క్రిందినుండి లేపవచ్చును. అంగుళము సందు చాలును ఇల్లు గుల్లయగుటకు.

సామాన్యుని ఇంటికి అంత మ్రాను ఎందుకు? జానెడు గడియ, దానిని పట్టుకొను రెండు కొయ్య దిమ్మెలు చాలును. గడియ అటునిటు జరుగును. జరుగుటయే దాని గుణము, దాని దోషమును అదియే. సందుగుండ సన్నని కత్తిమొన దూర్చి గోరంత గోరంతగా నెట్టుచు పోయిన, గడియ నిశ్శబ్దముగా తొలగిపోవును. ఎండకు కొయ్య ఎండి సందు పెరిగిన వేసవిలో ఈ పని మరింత సులభము. వేసవిలో ఇంటిల్లిపాదియు మిద్దెలపై నిదురించుట మన సీమలో అలవాటు గదా. క్రింద ఏమి జరుగుచున్నదో తెలియదు.

ఈ విద్య నేటిది కాదు. శూద్రకుని మృచ్ఛకటికము మూడవ అంకమున శర్విలకుడను బ్రాహ్మణుడు చారుదత్తుని ఇంట దొంగతనమునకు దిగును. కొలత్రాడు మరచి వచ్చి, జంధ్యమును త్రాడుగా వాడుకొని, తనవంటి బ్రాహ్మణునకు అది యెన్ని విధముల ఉపయోగపడునో చెప్పుకొనును. గోడకు వేయు కన్నమును కొలుచుటకు, నిదురించువారి నగలను సడలించుటకు, యంత్రముతో బిగించిన తలుపును తెరచుటకు, పాముకాటునకు కట్టు కట్టుటకు! మూడవదానిపై మాకు ఆసక్తి. వేయేండ్లకు పైబడిన నాటకమున, త్రాటితో గడియ లాగు పద్ధతి ప్రేక్షకులకు వివరింప బనిలేనంత తెలిసినదై యున్నది. మన కేతన పదుమూడవ శతాబ్దమున తెనిగించిన దశకుమారచరిత్రమునందును చౌర్యము రాజకుమారునకు తగిన నేర్పులలో నొకటిగ కనబడును. కవులు దొంగను మెచ్చుకొన్నారు. వానిని ఆపిన వడ్రంగిని మాత్రము ఒక్కరును తలచినట్లు మేమెరుగము.

ఆ వడ్రంగి చేసిన ఉపాయములు చెప్పెదము. మొదటిది, సందును కప్పుట. ఒక రెక్క అంచునకు నిలువున ఒక పట్టీ కొట్టినచో అది రెండవ రెక్కపై ఒరగి సందును మూయును. కత్తికి దారి యుండదు. రెండవది చీల. గడియకును దానిని పట్టుకొను దిమ్మెకును కలిపి పైనుండి ఒక రంధ్రము తొలిచి, గడియ వేసిన పిమ్మట అందులో కొయ్యచీలనో ఇనుపచీలనో జారవిడుతురు. ఇప్పుడు గడియను ప్రక్కకు నెట్టిన కదలదు. చీలను ముందుగా పైకి తీయవలెను. కత్తిమొన ప్రక్కకు నెట్టగలదు గాని, సందునకు దూరముగా నున్న చీలను పట్టి పైకెత్తలేదు. చీల పోకుండ దానిని ఒక సన్నని గొలుసుతోనో పురికొసతోనో తలుపునకు కట్టియుంచుదురు.

మూడవ ఉపాయము ఇంకను ముచ్చటైనది. మరపు మనుష్యధర్మము. నిద్రమత్తులో గడియ వేసి చీల మరచినచో? అందుకని తలుపునకు ఒక చిన్న కొయ్యనాలుకను ఒక మేకుపై ఆడునట్లు బిగింతురు. గడియను జరుపగానే నాలుక తన బరువుచేత తానే క్రిందికి వాలి గడియ వెనుక నిలుచును. వేయువాడు గుర్తుంచుకొననక్కర లేదు. తీయువాడు మాత్రము ఒక చేత నాలుకను ఎత్తి, రెండవ చేత గడియను లాగవలెను. లోపల నున్నవానికి రెండు చేతులు కలవు. వెలుపలివానికి సందున దూరిన ఒక్క త్రాడో, ఒక్క తీగయో తప్ప లేదు. ఒకేసారి రెండు పనులు చేయవలసి వచ్చుటయే వానికి అడ్డు.

ఈ సూత్రమే ప్రపంచపు తాళములన్నిటికిని మూలమన్న అతిశయోక్తి కాదు. ప్రాచీన ఐగుప్తు దేశపు కొయ్యతాళమున గడియపై రంధ్రములు, వానిలోనికి తమ బరువుచే పడు చీలలు ఉండెడివి. పండ్లు గల కొయ్య తాళపుచెవిని క్రిందినుండి దూర్చి చీలలన్నింటిని ఒక్కసారి లేపినగాని గడియ కదలదు. అస్సీరియా దేశమునందు ఖోర్సాబాదు శిథిలములలోను ఇట్టిది దొరకినది. అమెరికాలో లైనస్ యేల్ 1860ల దశకమున చేసిన తాళమునందు ఇవే చీలలు చిన్నవై, బరువునకు బదులు తీగచుట్టల త్రోపుడుతో పనిచేసినవి. నేడు మన జేబులలోని సన్నని రంపపుపండ్ల తాళపుచెవులు ఆ సంతతివే. మన పల్లె వడ్రంగి ఐగుప్తునుండి నేర్చెనని మేము చెప్పబోము. బరువైనది క్రిందికి పడునని ఎవరికి ఎవరు నేర్పవలెను?

తలుపు ఇంత గట్టిదైన తరువాత దొంగ ఏమి చేసెను? తలుపును విడిచి గోడను పట్టెను. మన భాషలో ఇంటిదొంగతనమునకు 'కన్నము వేయుట' అని పేరు వచ్చుట ఊరకనే కాదు. మట్టిగోడను నీటితో నానబెట్టి, కన్నపుకత్తితో తొలిచి, మనిషి దూరునంత బొరియ చేయుట గడియను లాగుటకంటె శ్రమయైనను నమ్మకమైన పని. కాగా రాతిగోడల మిద్దెలున్న చోట కన్నము సాగదు. అచ్చట మిద్దె యెక్కి గవాచి దారిని దిగవలెను. అందుచేతనే గవాచిపై రాత్రివేళ బండ మూయుదురు. వానకొరకే అనుకొనుట పొరపాటు.

ఆంగ్లేయులు మన దేశమునకు శిక్షాస్మృతి వ్రాసినప్పుడు ఈ సంగతులన్నియు వారి దృష్టికి వచ్చినవి. 1860లో శాసనమై 1862 జనవరి 1 నుండి అమలైన ఆ స్మృతి 445వ సెక్షను ఇల్లు ఛేదించుటను నిర్వచించుచు ఉదాహరణములు ఇచ్చినది. గోడకు రంధ్రము చేసి చేయి దూర్చుట అందు మొదటిది. మరియొకటి, తలుపులోని రంధ్రముగుండ తీగ దూర్చి గడియను పైకెత్తి లోనికి పోవుట. పోయిన తాళపుచెవి దొరకగా దానితో తెరచి పోవుటయు అట్టి నేరమే. శర్విలకుని త్రాడు తీగయై చట్టమునకు ఎక్కినది! గడియను విరుగగొట్టకపోయినను, చప్పుడు కాకపోయినను, అది ఛేదనమే యని చట్టము చెప్పుట మెచ్చదగినది. ఇంటివాడు మూసికొన్నదానిని అతని సమ్మతి లేక తెరచుటయే నేరము. పగులుట ముఖ్యము కాదు. 2024 జూలై 1 నుండి ఆ స్మృతి స్థానమున భారతీయ న్యాయసంహిత వచ్చినది.

చట్టము ఇంత సూక్ష్మముగ చూచినదని మెచ్చిన నోటితోనే మరియొక మాట చెప్పక తప్పదు. గడియ తీసినవాడెవడో తెలియనప్పుడు, పుట్టుకచేతనే దొంగలని కొన్ని జాతులవారిపై నింద వేయుటకు అదే ప్రభుత్వము వెనుదీయలేదు. 1871లో ఉత్తరదేశమున పుట్టిన నేరస్థజాతుల చట్టము 1911 నాటి చట్టముతో చెన్నరాజధానికిని వచ్చినది. ఎరుకలవారు మొదలగు అనేకులు దాని పాలబడిరి. చేయని నేరమునకు వ్రేలిముద్రలిచ్చి, రాత్రివేళ పోలీసు ఠాణాలోనో గ్రామాధికారియొద్దనో హాజరు చెప్పుకొనవలసి వచ్చెను. 1913లో గుంటూరు ప్రాంతమున స్టూవర్టుపురము వంటి సెటిల్‌మెంటులు లేచినవి. ఊరివా రందరు గడియ వేసి, చీల జారవిడిచి, నిశ్చింతగా పడుకొను వేళకు ఆ మనుష్యుడు తన తలుపు తెరచి బయటికి రావలెను. వాని గుడిసెకు గడియ యున్నను వానిది కాదు. చెన్నరాష్ట్రమున ఆ చట్టము 1947లో రద్దయినది; దేశమంతటను 1952 ఆగస్టు 31తో పోయినది. చట్టము పోయిన వెంటనే అనుమానమును పోయినదని చెప్పగలవారు ధన్యులు.

చీలకు లొంగని శత్రువులును ఉండిరి. గండికోట వాకిటి రెక్కలకు ఇనుపరేకులు తాపి మేకులు నిలిపిరి. అది ఏనుగుల తలలను తలచి చేసిన పని. అంతటి కోటయు 1650లో మీర్ జుమ్లాకు చిక్కినది. 1652లో ఫ్రెంచి వర్తకుడు తావెర్నియే అక్కడికి వచ్చి మీర్ జుమ్లాను కలిసికొనునాటికి కోటలో ఫిరంగులు పోతపోయుచుండిరి. ఫిరంగి వచ్చిన తరువాత వాకిటి మేకులు అలంకారములు. 1800లో నిజాము ఈ సీమను కుంఫిణీకి దత్తము చేసినప్పుడు ఇచ్చట దాదాపు ఎనుబదిమంది పాళెగాండ్రు ఉండిరి. ఊరూరను బురుజులు, ప్రహరీలు. థామస్ మన్రో 1807వరకు వారిని అణచుటలోను, భూమికి శిస్తు కట్టుటలోను మునిగియుండెను. ఆ వెనుక 1816 మార్చిలో పిండారీ గుఱ్ఱపుదండు గుంటూరు సీమపై బడి, కడప ప్రాంతమును త్రొక్కి పోయినది. కుంఫిణీవారి విచారణలో తేలిన లెక్క ఇది: పదునొకండున్నర దినములలో 339 గ్రామములు దోపిడియైనవి, 182 మంది చచ్చిరి, 505 మంది గాయపడిరి, 3,603 మంది చిత్రహింసల పాలైరి. చివరి అంకెను గమనింపుడు. తలుపు పగులగొట్టుటకు హింస అవసరము లేదు. పగిలిన తలుపు లోపల ఏమియు దొరకనందువలననే ఇన్ని వేలమందిని హింసించిరి. సొమ్ము నేలలో నుండెను. పాతరలో ధాన్యము, పొయ్యిక్రింద కాసులు: దండుల కాలమున మన పల్లెల నిజమైన తాళము భూమియే. బనగానపల్లెలో కాలజ్ఞాన పత్రములను పాతిపెట్టి పైన చింతచెట్టు నాటిరను కథయు ఆ కాలపు జనులకు వింతగా తోచియుండదు.

సీమదేశమున తాళపువిద్య ఎట్లు సాగినదో క్లుప్తముగ చెప్పెదము. 1784లో జోసెఫ్ బ్రామా చేసిన తాళమును అంగడి కిటికీలో వ్రేలాడగట్టి, తీసినవారికి 200 గినీలు ఇత్తుమని ప్రకటించిరి. 1851లో అమెరికావాడు హాబ్స్ వచ్చి, పదునారు దినములలో 51 గంటలు శ్రమించి తీసెను. అరువదియేడేండ్లు నిలిచిన గర్వము! మన దేశమున 1897లో బొంబాయియందు ఆర్దేషిర్ గోద్రెజ్ తాళముల తయారీ ఆరంభించెను. అలీగఢు, దిండిగల్లు తాళములు సంతలకు వచ్చినవి. మన సీమవారు 'బీగము' అనునది ఈ వ్రేలాడు తాళమునే. అది వెలుపల వేయునది, ఇల్లు విడిచి పోవువానికి కావలసినది. లోపల పడుకొనువానికి గడియయే గతి.

ఇచ్చటనే ఒక చిక్కున్నది. వెలుపలివాడు తీయలేని గడియను, కాపాడ వచ్చినవాడును తీయలేడు. ఇంట ఒంటరిగ నున్న ముదుసలి పడిపోయినచో, దీపము పడి కట్టెల కప్పు అంటుకొన్నచో, పొరుగువారు తలుపు విరుగగొట్టవలసినదే. ఆ చీల ఎంత మంచి వడ్రంగి చేసినదైన అంత ఆలస్యము. పూర్వులు దీనిని ఎరుగకపోలేదు. కొన్ని ఇండ్లలో తలుపునకు చేయి దూరునంత రంధ్రముంచి, ఇంటివారు వెలుపలినుండి గడియ తీసికొను వీలు ఉంచుకొనిరి. పగటి రాకపోకలకు ఆ రంధ్రము, రాత్రికి చీల. పొలమునుండి ప్రొద్దుపోయి వచ్చు రైతు కొరకు ఇంటి ఇల్లాలు చీల వేయక గడియ మాత్రము వేసి పడుకొనుట మా పెద్దలు చెప్పగా విన్నాము. భయమునకును ప్రేమకును మధ్య ఆ రాత్రి తీర్పు ఆమెదే. ఏ శాస్త్రమును ఆమెకు సలహా చెప్పలేదు.

నేడు మఠము చుట్టుపట్ల పల్లెలలో మిద్దెలు పోయి సిమెంటు ఇండ్లు వచ్చినవి. తలుపులు పట్టణపు అంగడినుండి వచ్చును. గడియ స్థానమున టవర్ బోల్టు, ఆల్‌డ్రాప్. పాత తలుపులను కొనువారు బండ్లలో వచ్చి తీసికొని పోవుచున్నారు; నగరములలోని భోజనశాలల గోడలకు అవి అలంకారమగుచున్నవట. చీల రంధ్రమును చూచి చెదపురుగు తొలిచినదని మైనముతో పూడ్చినవారును ఉందురు.

అయినను చీల బొత్తిగా పోలేదు. టవర్ బోల్టును గమనింపుడు. కడ్డీని పైకి త్రోసిన పిమ్మట దాని పిడిని ప్రక్కకు త్రిప్పి గాడిలో వాల్చుటకు వీలున్నది. అట్లు వాల్చినచో కడ్డీ జరుగదు. తలుపును ఊపినను, సందున రేకు దూర్చినను క్రిందికి దిగదు. కొయ్యనాలుక చేసిన పనినే ఈ పిడి చేయుచున్నది. ఆ గాడి ఎందుకున్నదో తయారుచేయువారు చెప్పరు, అమ్మువారు చెప్పరు. మేమడిగిన ఇండ్లలో పెక్కుమంది కడ్డీని త్రోసి పిడిని వాల్చకయే వదలుచున్నారు.